ఫైర్ కెప్టెన్‌ని బిట్ పేపర్‌తో ఎంచుకోవచ్చా?

2003 చివర్లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో 118 మంది ఫైర్ సిబ్బంది ప్రమోషన్ పరీక్ష రాశారు. లెఫ్టినెంట్ పోస్టుకి 77 మంది, కెప్టెన్ పోస్టుకి 41 మంది. మళ్లీ ఎప్పుడు నోటిఫికేషన్ పడుతుందో తెలియని పరీక్ష కాబట్టి అందరూ గట్టిగానే చదివారు. వాళ్లలో ఫ్రాంక్ రిక్కీకి డిస్‌లెక్సియా ఉంది. అచ్చులో ఉన్నది చదవడం అతనికి కష్టం. వెయ్యి డాలర్లకు పైగా పెట్టి పుస్తకాలు కొని, పక్కింటివాళ్లకు డబ్బిచ్చి వాటిని చదివించి టేపుల మీద రికార్డు చేయించుకున్నాడు. రోజుకి 8 నుంచి 13 గంటలు కూర్చున్నానని తర్వాత విచారణలో చెప్పాడు.

ఫలితాలొచ్చాయి. లెఫ్టినెంట్ పరీక్షలో 34 మంది పాసయ్యారు: 25 మంది తెల్లవాళ్లు, ఆరుగురు నల్లవాళ్లు, ముగ్గురు హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు). ఖాళీలు ఎనిమిది. ఒక్కో ఖాళీకి పై ముగ్గురిలోంచే ఒకరిని తీసుకోవాలన్న ఊరి నిబంధన ప్రకారం చూస్తే అర్హులుగా తేలిన పదిమందీ తెల్లవాళ్లే. కెప్టెన్ పోస్టులు ఏడైతే, అర్హుల్లో ఏడుగురు తెల్లవాళ్లు, ఇద్దరు హిస్పానిక్‌లు. రెండు జాబితాల్లోనూ నల్లవాళ్లు ఒక్కరూ లేరు. ఈ పరీక్ష పక్షపాతంగా ఉందని నల్లజాతి ఉద్యోగులు కేసు వేస్తారన్న భయంతో నగరం ఫలితాలను పక్కన పడేసింది. పాసైన 17 మంది తెల్లవాళ్లు, ఒక హిస్పానిక్ ఉద్యోగి కోర్టుకెక్కారు. 2009 జూన్ 29న అమెరికా సుప్రీం కోర్టు 5-4 తేడాతో వాళ్ల పక్షాన తీర్పిచ్చింది.

ఈ కేసు గురించి రాసినవాళ్లంతా జాతి వివక్ష గురించే రాశారు. అందులో తప్పేం లేదు, కేసు దాని మీదే. కానీ ఆ విచారణలో, తీర్పులో, తీర్పుతో విభేదించిన నలుగురు జడ్జీల అభిప్రాయంలో ఇంకో సంగతి కూడా వివరంగా కనిపిస్తుంది. నిప్పు ఆర్పేవాడికి ఏం తెలుసో తేల్చే పేపర్ ఎలా తయారైంది, ఎక్కడ గాడి తప్పింది అన్నది. ఫైర్ సర్వీసు పరీక్షలను బాగుచేయాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఆ భాగాన్నే అని నా అభిప్రాయం.

పేపర్ తయారీ

నగరం ఈ పనిని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన ఇండస్ట్రియల్ ఆర్గనైజేషనల్ సొల్యూషన్స్ అనే సంస్థకు లక్ష డాలర్లకు అప్పగించింది. వాళ్లేమీ పాత పేపర్ తిరగేసి కొత్త పేపర్ అల్లలేదు. అప్పటికే పనిచేస్తున్న కెప్టెన్లను, లెఫ్టినెంట్లను, వాళ్ల పైవాళ్లను ఇంటర్వ్యూ చేశారు. డ్యూటీలో వాళ్ల వెంట తిరిగారు. ఈ పోస్టులో రోజూ చేసే పనులేంటి, వాటికి ఏ విషయాలు తెలిసి ఉండాలి అని ప్రశ్నావళులు నింపించుకున్నారు. దీన్నే జాబ్ అనాలిసిస్ అంటారు. ఏ వృత్తి పరీక్షకైనా పునాది అదే. దాని ఆధారంగా ఏ మాన్యువళ్లు, ఏ నిబంధనలు చదవాలో జాబితా వేసి, ఫైర్ చీఫ్ ఆమోదం తీసుకుని, ఒక్కో పోస్టుకి నూరు బిట్ల పేపర్ తయారు చేశారు. పదో తరగతి స్థాయికి మించని ఇంగ్లిష్‌లో రాశారు. చదువుకోవడానికి మూడు నెలలు ఇచ్చారు. ఆ తర్వాత ఓరల్: ఒక సంఘటన ఇచ్చి, నువ్వక్కడ ఉంటే ఏం చేస్తావని ముగ్గురు అధికారుల బోర్డు అడుగుతుంది. ఆ అధికారులంతా వేరే రాష్ట్రాల వాళ్లు.

ఇంతవరకు వంక పెట్టడానికి లేదు. అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. పేపర్ బయటికి పొక్కుతుందేమోనన్న భయంతో, ముందుగా స్థానిక ఫైర్ అధికారులకు చూపించవద్దని నగరం షరతు పెట్టింది. పేపర్ లీకుల గోల తెలిసిన మనకు ఆ భయం అర్థం కానిదేమీ కాదు. కానీ దాని ఫలితం చూడండి. నిప్పు దగ్గరికి చేరాక బండిని ‘అప్‌టౌన్’ వైపు తిప్పాలా ‘డౌన్‌టౌన్’ వైపు తిప్పాలా అన్న అర్థంలో ఒక ప్రశ్న వచ్చింది. న్యూయార్క్‌లో ఆ మాటలకు ఊరి ఉత్తరం వైపు, దక్షిణం వైపు అని అర్థం ఉంది. న్యూ హేవెన్‌లో వాటిని వాడరు. ఊళ్లో ఏ స్టేషన్ ఆఫీసర్‌కి చూపించినా అర నిమిషంలో కొట్టేసే ప్రశ్న అది. గోప్యత కావాలంటే రిటైరైన స్థానిక అధికారులను ఇద్దర్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఫోన్లు తీసుకుని, పేపర్ చూపించి పంపొచ్చు. ఆ పాటి ఏర్పాటు కూడా జరగలేదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మొత్తం మార్కుల్లో రాత పరీక్షకు 60 శాతం, ఓరల్‌కి 40 శాతం. ఈ లెక్క ఎక్కడిది? జాబ్ అనాలిసిస్ నుంచి వచ్చింది కాదు. అంతకుముందు ఎప్పుడో యూనియన్‌తో కుదుర్చుకున్న ఒప్పందంలో ఉన్న అంకె. కెప్టెన్ పనిలో పుస్తక జ్ఞానం అరవై పాళ్లు, అక్కడికక్కడ తీసుకునే నిర్ణయం నలభై పాళ్లు అని ఎవరూ కొలిచి చెప్పలేదు. మైకేల్ బ్రిస్కో అనే నల్లజాతి ఉద్యోగి సంగతి చూస్తే దీని బరువు తెలుస్తుంది. లెఫ్టినెంట్ పరీక్ష రాసిన 77 మందిలో ఓరల్‌లో ఫస్ట్ వచ్చింది అతనికే. మొత్తం ర్యాంకు మాత్రం 24. ఎనిమిది ఖాళీలకు 24వ ర్యాంకు ఎక్కడ సరిపోతుంది? సుప్రీం కోర్టు తీర్పు తర్వాత అతను విడిగా కేసు వేశాడు. ప్రశ్నల సంగతి అలా ఉంచి, ఈ 60-40 లెక్కకే ఆధారం లేదన్నది అతని వాదన. కింది కోర్టు కొట్టేసిన ఆ కేసుకి 2011లో అప్పీలు కోర్టు మళ్లీ ప్రాణం పోసింది.

పక్కనే ఉన్న బ్రిడ్జ్‌పోర్ట్ నగరం అప్పటికే ఓరల్‌కి ఎక్కువ బరువు ఇస్తోందని విభేదించిన జడ్జీలు గుర్తు చేశారు. అలాగని రాత పరీక్షను తీసేయాలనే వాదన కూడా నాకు నచ్చదు. ఓరల్ బోర్డు ముందు గట్టిగా, ధీమాగా మాట్లాడేవాడు లోపల ఏమీ తెలియకపోయినా నెట్టుకొచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

మూడోది పాస్ మార్కు. 70 వస్తే పాస్ అని ఊరి నిబంధన. మనకు 35 ఎలాగో వాళ్లకు 70 అలాగ. ప్రశ్నలు తేలిగ్గా ఉంటే 70 తెచ్చుకున్నవాడికి ఏమీ రానట్టే, కష్టంగా ఉంటే 60 తెచ్చుకున్నవాడికి చాలా వచ్చినట్టే. అంటే ఆ అంకెకు దానంతట దానికి అర్థం లేదు. దీనికి 1971 నుంచీ ఒక పద్ధతి ఉంది, విలియం ఆంగాఫ్ పేరు మీద పిలుస్తారు. అనుభవమున్న పదిమంది అధికారులు కూర్చుంటారు. ఒక్కో ప్రశ్న చూసి, ‘ఈ పోస్టుకి సరిగ్గా సరిపోయే, అంతకంటే ఒక్క మెట్టు కూడా ఎక్కువ లేని మనుషులు వందమంది ఉంటే ఎంతమంది దీన్ని కరెక్టుగా రాస్తారు?’ అని ఎవరికివాళ్లు అంకె వేస్తారు. వాటి సగటులు కూడితే పాస్ మార్కు వస్తుంది. ఒక పేపర్‌కి 63 రావచ్చు, ఇంకోదానికి 78. పద్ధతిలో లోపాలు లేకపోలేదు, అధికారులు మామూలుగా తమ రోజుల్లో అందరూ మేధావులే అనుకుని అంకెలు పెంచేస్తారు. అయినా ఎందుకు 70 అని అడిగితే చెప్పుకోవడానికి ఒక సమాధానం ఉంటుంది.

ఒక ప్రశ్నను దగ్గరగా చూద్దాం

నిప్పు గురించి రాసే బిట్ పేపర్లలో ఏ దేశంలోనైనా దొరికే రకం ప్రశ్న ఇది:

‘గదిలో ఫ్లాష్‌ఓవర్ సుమారు ఎన్ని డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుగుతుంది? ఎ) 200 బి) 400 సి) 600 డి) 1,200.’

జవాబు సి. గదిలో సామానంతా వేడెక్కి ఒక్కసారిగా అంటుకోవడాన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. పై పొగ వేడి 600 డిగ్రీలకు అటూ ఇటూగా చేరినప్పుడు అది జరుగుతుంది. నిజమే. కానీ పొగలో మోకాళ్ల మీద పాకుతున్నవాడి చేతిలో థర్మామీటర్ ఉండదు. 600 అని తెలిసినవాడూ, తెలియనివాడూ ఆ గదిలో ఒకేలా కాలిపోతారు. ఈ ప్రశ్న పరీక్షించేది జ్ఞాపకశక్తిని మాత్రమే. ఇలాంటివి పుస్తకం ముందు పెట్టుకుని గంటకి ముప్పై రాయొచ్చు, అందుకే పేపర్ల నిండా ఇవే ఉంటాయి.

అదే విషయాన్ని ఇలా అడిగితే?

‘ఇంటి గుమ్మం దాటి హాల్లోకి వచ్చారు. వచ్చేటప్పటికి పొగ మీ ఛాతీ ఎత్తున ఉంది. కొద్దిసేపట్లోనే నడుము దాకా దిగింది. నల్లగా, సుడులు తిరుగుతోంది, పైకప్పు దగ్గర పొగలో చిన్న చిన్న మంటలు మెరిసి పోతున్నాయి. మీ హోస్‌లోకి ఇంకా నీళ్లు రాలేదు. లోపల మనుషులెవరూ లేరని ఇంటివాళ్లు ఖాయంగా చెప్పారు. ఏం చేస్తారు? ఎ) మంట ఎక్కడుందో త్వరగా వెతకడానికి ముందుకెళ్తాను. బి) పొగ బయటికి పోవడానికి కిటికీ పగలగొడతాను. సి) బయటికొచ్చి తలుపు మూసి, నీళ్లు వచ్చాక పై పొగను చల్లారుస్తూ లోపలికి వెళ్తాను. డి) నేల మీద పడుకుని నీళ్ల కోసం అక్కడే ఎదురుచూస్తాను.’

జవాబు మళ్లీ సి. కానీ ఇది రాయాలంటే పొగ కిందికి దిగడం, సుడులు, పైన మెరుపులు కలిపి చూస్తే ఏం జరగబోతోందో తెలియాలి. తప్పు జవాబులను చూడండి, వాటిలోనే ప్రశ్న రాసేవాడి పనితనం ఉంటుంది. ‘ఎ’ ఉత్సాహవంతుడు చేసే తప్పు. ‘బి’ పాత పాఠం చదివినవాడి తప్పు, దాని సంగతి కింద వస్తుంది. ‘డి’ వెనక్కి రావడం నామోషీ అనుకునేవాడి తప్పు. ఎవడు ఏ తప్పు రాశాడో చూస్తే అతనికి ఏం నేర్పాలో తెలిసిపోతుంది. 200, 400 డిగ్రీల మధ్య తప్పు రాసినవాడి దగ్గర తెలుసుకునేదేముంది?

ఇప్పుడు ఆ ప్రశ్నలో ఒక్క వాక్యం మార్చండి: ‘లోపలి గదిలోంచి పిల్ల ఏడుపు వినిపిస్తోంది.’ వెంటనే ఇది బిట్ ప్రశ్న కాకుండా పోతుంది. గది ఎంత దూరం, కిటికీ వైపు నుంచి వెళ్లే వీలుందా, వెనక ఎంతమంది ఉన్నారు అన్నదాన్ని బట్టి ఇద్దరు మంచి అధికారులు రెండు రకాలుగా చెప్పొచ్చు, ఇద్దరి దగ్గరా కారణం ఉండొచ్చు. అలాంటిదాన్ని నాలుగు ఆప్షన్లలో ఇరికించి ఒకదానికి మార్కు వేయడం అన్యాయం. దాని చోటు ఓరల్ బోర్డు ముందు. అనుభవజ్ఞులు ఒకే జవాబు మీద నిలబడేది రాత పరీక్షలోకి, కారణాలు వినాల్సింది ఓరల్‌లోకి అని ముందే వేరు చేసుకుంటే 60-40 గొడవ సగం తీరుతుంది. ఏ రకం ప్రశ్నలు ఎన్ని ఉండాలో పని స్వభావమే చెబుతుంది.

రాత పరీక్షకు అచ్చంగా సరిపోయే విషయాలూ బోలెడున్నాయి. ఉదాహరణకి గాలి లెక్క. పొగలో ఊపిరి పీల్చుకోవడానికి వీపు మీద మోసే బీఏ (బ్రీదింగ్ అపరేటస్) సెట్‌లో 6 లీటర్ల సిలిండర్, 300 బార్ ఒత్తిడి ఉంటే సుమారు 1,800 లీటర్ల గాలి ఉన్నట్టు. నిమిషానికి 40 లీటర్లు పీలుస్తారనుకుంటే 45 నిమిషాలు. అదే మనిషి మెట్లెక్కుతూ, హోస్ లాగుతూ నిమిషానికి 60 లీటర్లు పీలిస్తే 30 నిమిషాలకే ఖాళీ. అందులోనూ చివరి కొంత గాలి వెనక్కి రావడానికి ఉంచుకోవాలి. లోపలికి వెళ్లడానికి 70 బార్ ఖర్చయిందంటే, ఏ అంకె దగ్గర వెనుదిరగాలి? ఈ లెక్క తప్పితే ప్రాణం పోతుంది. పంపు ఆపరేటర్‌కైతే హోస్‌లో ప్రవాహం రెట్టింపైతే రాపిడి వల్ల పోయే ఒత్తిడి నాలుగింతలవుతుందన్నది ఇలాంటిదే. బుర్రలో ఉండి తీరాలి, అక్కడ పుస్తకం తీసి చూసే టైం ఉండదు.

అమెరికాలో గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు 1980ల్లో అనుభవమున్న ఫైర్ కమాండర్లు నిర్ణయాలెలా తీసుకుంటారో అడిగి తెలుసుకున్నాడు. రెండు మూడు మార్గాలు పక్కపక్కన పెట్టి బేరీజు వేసుకుంటారని ఊహించి మొదలుపెట్టాడు. వాళ్లేమో ‘మేం నిర్ణయాలు తీసుకోం, చూడగానే తెలిసిపోతుంది’ అన్న ధోరణిలో చెప్పారు. చాలా సందర్భాల్లో వాళ్లు దృశ్యాన్ని గుర్తుపట్టి, మొదట తట్టిన మార్గాన్నే మనసులో ఒకసారి నడిపి చూసుకుని దిగిపోతున్నారని తేలింది. అంటే పరీక్షించాల్సిన తెలివిలో ముఖ్యమైనది ఆనవాలు పట్టడం. నాలుగు వాక్యాల వర్ణన కొంత పని చేస్తుంది, ఒక ఫోటో ఇంకాస్త, ఇరవై సెకన్ల వీడియో ఇంకా బాగా. ఫోన్‌లో తీసిన మంటల వీడియోలు కుప్పలుగా దొరికే ఈ రోజుల్లో కూడా పేపర్లు అక్షరాల్లోనే ఆగిపోవడం బద్ధకమే. పైగా అక్షరాల పేపర్ చదివే వేగాన్ని కూడా కొలుస్తుంది. రిక్కీ లాంటివాడు టేపులు చేయించుకోవాల్సి వచ్చింది అందుకే.

కీ పాతబడితే

పరీక్షల గురించి మాట్లాడేటప్పుడు కీ కరెక్టే అనుకుని మొదలుపెడతాం. ఫైర్ సర్వీసులో ఆ ధీమా పనికిరాదు. గత ఇరవై ఏళ్లలో నిప్పు గురించిన అవగాహనే చాలా మారింది.

అమెరికాలోని అండర్‌రైటర్స్ లేబొరేటరీస్, అందరూ యూఎల్ అనే సంస్థ, రెండు డ్రాయింగు రూములు కట్టి అంటించింది. ఒకదాంట్లో పాతకాలం చెక్క, నూలు సామాను. ఇంకోదాంట్లో ఇప్పటి ఫోమ్ సోఫాలు, సింథటిక్ కర్టెన్లు. పాత గది ఫ్లాష్‌ఓవర్‌కి చేరడానికి అరగంట దాకా పట్టింది. కొత్త గది నాలుగు నిమిషాల లోపే చేరింది. కొత్త సామాను గాలిని కూడా తొందరగా తినేస్తుంది, అందుకే మూసిన ఇంట్లో నిప్పు గాలి చాలక నీరసించి, ఆరిపోతున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు మనం తలుపు తీస్తే దానికి ఊపిరి పోసినట్టే. 2012 జులైలో న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్, యూఎల్, ఆ దేశపు ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్టీ కలిసి గవర్నర్స్ ఐలండ్‌లోని ఖాళీ ఇళ్లను అంటించి ఇవే విషయాలు నిజమైన ఇళ్లలో చూశాయి. లోపలికి వెళ్లడానికి తెరిచే తలుపు కూడా గాలి దారే అనీ, బయటి నుంచి కాసేపు నీళ్లు కొడితే లోపలున్నవాళ్ల మీదికి మంట తోసుకుపోతుందన్న పాత నమ్మకానికి ఆధారం దొరకడం లేదనీ ఇలాంటి ప్రయోగాల్లో తేలింది.

అంతకు ముందు తరం పాఠం వేరు. త్వరగా కిటికీలు తెరిచి పొగ వదలాలి, బయటి నుంచి నీళ్లు కొట్టకూడదు. ఆ పాఠం నుంచి తయారైన ప్రశ్న, 2005 నాటి కీతో ఇంకా ఏ ప్రశ్నల బ్యాంకులోనైనా మిగిలి ఉంటే, కొత్త పరిశోధన చదివిన కుర్రాడికి మార్కు పోతుంది, చదవనివాడికి వస్తుంది. ప్రశ్నల బ్యాంకులో ప్రతి ప్రశ్న పక్కన అది ఏ పుస్తకం, ఏ ఎడిషన్, ఏ సంవత్సరం నుంచి వచ్చిందో రాసి ఉంచాలి. ఎడిషన్ మారిన రోజున ఆ ప్రశ్నలన్నీ బయటికి తీసి మళ్లీ చూడాలి. విసుగు పుట్టించే గుమాస్తా పని, కానీ దీనికి అడ్డదారి లేదు.

నియమం తెలియడం ఒకటి, దాన్ని ఎప్పుడు వదలాలో తెలియడం ఒకటి. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న తగలబడి 72 మంది చనిపోయారు. బ్రిటన్‌లో ఎత్తైన ఫ్లాట్లలో నియమం ‘స్టే పుట్’: నిప్పు ఒక ఫ్లాట్‌లోనే ఆగుతుంది కాబట్టి మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉండాలి. ఆ రాత్రి నిప్పు బయటి గోడ తొడుగు పట్టుకుని పైకి పాకింది. నియమానికి ఆధారమైన ఊహే కూలిపోయింది. అయినా ఆ సలహా తెల్లవారుజామున 2:47 దాకా మారలేదు. 1:30, 1:50 మధ్యలోనే మార్చి ఉండాల్సిందని మార్టిన్ మూర్-బిక్ నేతృత్వంలోని విచారణ 2019 అక్టోబర్‌లో ఇచ్చిన మొదటి నివేదికలో చెప్పింది. ఎప్పుడు ఖాళీ చేయించాలో గుర్తుపట్టేలా కమాండర్లకు శిక్షణ ఇవ్వలేదని కూడా అన్నది. నేను ఆ వ్యక్తులను తప్పుపట్టడం లేదు. స్టే పుట్ అంటే ఏమిటని అడిగితే వాళ్లలో ప్రతి ఒక్కరికీ నూటికి నూరు వచ్చేవి. ‘ఏం కనిపిస్తే దాన్ని వదిలేస్తావు?’ అన్నది శిక్షణలో లేనప్పుడు పరీక్షలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

ఓరల్‌ని బాగుచేసే కిటుకు ఇక్కడే దొరుకుతుంది. అభ్యర్థికి సంఘటన మొత్తం ఒకేసారి ఇవ్వకూడదు. ముందు కొంత ఇచ్చి ప్లాను చెప్పించాలి. తర్వాత వైర్‌లెస్‌లో వచ్చినట్టు ఒక్కొక్క సమాచారం అందించాలి: పదో అంతస్తు నుంచి ఫోన్, బయటి గోడ మీద మంట, మెట్ల దారిలో పొగ. ఎక్కడ అతను ప్లాను మార్చాడు, ఏ కబురు విన్నాక మార్చాడు, మార్చినట్టు కిందివాళ్లకు స్పష్టంగా చెప్పాడా అన్నదానికి మార్కులు. బోర్డు సభ్యులు ముగ్గురూ ముందే ఒకటి రెండు నమూనా జవాబులకు మార్కులేసి సరిచూసుకోవాలి, లేదంటే ఒకరి ఏడు ఇంకొకరి నాలుగవుతుంది.

ఇక పరీక్ష అయ్యాక చేయాల్సిన లెక్క ఒకటుంది. ప్రతి ప్రశ్నకూ రెండు సంగతులు చూడాలి. ఎంతమంది కరెక్టుగా రాశారు? మొత్తం మీద బాగా రాసినవాళ్లు దీన్ని ఎక్కువగా రాశారా, తక్కువగానా? పై ర్యాంకుల వాళ్లు తప్పు రాసి, అట్టడుగు వాళ్లు కరెక్టుగా రాసిన ప్రశ్న ఉందంటే సాధారణంగా కీ అయినా తప్పు, ప్రశ్నలో మెలిక అయినా ఉంది. దీనికి కంప్యూటర్ కంపెనీలు అక్కర్లేదు, ఎక్సెల్ తెలిసిన జూనియర్ అసిస్టెంట్ ఒక మధ్యాహ్నంలో చేసేస్తాడు. ఒక వర్గం మొత్తం ఏదైనా ప్రశ్న దగ్గర జారిపోతోందా అన్నది కూడా ఇదే పట్టికలో కనిపిస్తుంది. న్యూ హేవెన్‌లో మొత్తం పరీక్ష పారేయాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న మీద ఊరు రెండుగా చీలింది. ప్రశ్నలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలన్న పట్టుదల ఆ గోలలో వెనక్కి పోయింది.

మన స్టేషన్లలో

తెలంగాణలో ఫైర్‌మ్యాన్ ఎంపిక పోలీసు నియామక మండలి ద్వారా జరుగుతుంది. ఆ రాత పరీక్షలో అంకగణితం, రీజనింగ్, జనరల్ నాలెడ్జ్ ఉంటాయి. చేరక ముందు నిప్పు గురించి అడగడం అనవసరం కూడా. నిప్పు పాఠాలు తర్వాత ట్రైనింగ్‌లో వస్తాయి. మరి ట్రైనింగ్ అయిపోయాక, పదేళ్ల సర్వీసులో ఉన్నవాడికి ఏం గుర్తుందో ఎలా తెలుస్తుంది?

దీనికి ప్రమోషన్ పరీక్ష కాదు, వారానికోసారి పెట్టే చిన్న పరీక్ష కావాలి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. ఒక పాఠాన్ని కొందరు రెండోసారి చదివారు, కొందరు చదవకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే వాళ్లకు 42 శాతం, రాసుకున్నవాళ్లకు 56 శాతం గుర్తుంది. పరీక్ష కొలత మాత్రమే కాదు, నేర్పుతుంది కూడా. కాబట్టి పొద్దున పరేడ్ అయ్యాక ఐదు ప్రశ్నలు, మాటలతోనే, అక్కడికక్కడే జవాబు చర్చ. ఈ వారం అడిగినది నెల తర్వాత మళ్లీ వేరే రూపంలో. ఒక్కటే షరతు, ఆ మార్కులు సర్వీసు ఫైల్లోకి వెళ్లకూడదు. వెళ్తాయని తెలిసిన మరుక్షణం తెలియనిది తెలియదని ఎవరూ ఒప్పుకోరు. బిట్లు చేతులు మారడం మొదలవుతుంది.

ప్రశ్నలు ఎక్కడివి? నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉన్న నాగ్‌పూర్ నుంచి వచ్చిన నోట్సు పునాది పాఠాలకు బాగానే ఉంటుంది. కానీ అప్‌టౌన్ ప్రశ్న గుర్తుంది కదా. విశాఖపట్నంలో పారిశ్రామిక వాడ పక్కనున్న స్టేషన్ వాళ్లు 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో కారిన స్టైరిన్ అనే రసాయనం గురించి చెప్పగలగాలి: గాలికంటే బరువైన ఆవిరి ఎటు పారుతుంది, జనాన్ని గాలికి ఎటువైపు నడిపించాలి. కోనసీమ స్టేషన్ వాళ్లు 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలిన సంగతి మరిచిపోకూడదు. పేలిన పైపు మంటను ఆర్పడం కంటే వాల్వు మూయించడం ముందు, మరి ఆ వాల్వు ఎవరి చేతిలో ఉంది, వాళ్ల నంబరు ఎక్కడ రాసి ఉంది? సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబర్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మొదలైన నిప్పు పైనున్న హోటల్లోకి పొగ నింపి ఎనిమిది మందిని బలి తీసుకుంది. కింద బ్యాటరీలు, పైన నిద్రపోతున్న మనుషులు, మధ్యలో ఒకటే మెట్లదారి ఉన్న భవనాలు మీ స్టేషన్ పరిధిలో ఏ వీధుల్లో ఉన్నాయన్నది ఏ మాన్యువల్‌లోనూ దొరకని ప్రశ్న. దాన్ని ఆ స్టేషన్ ఫైర్ ఆఫీసరే రాయాలి, ప్రతి కాల్ నుంచి తిరిగొచ్చాక ఒకటి చొప్పున రాసినా ఏడాదికి మంచి బ్యాంకు తయారవుతుంది. లీడింగ్ ఫైర్‌మ్యాన్‌తో, డ్రైవర్ ఆపరేటర్‌తో కూడా రాయించాలి. ప్రశ్న రాయడానికి కూర్చున్నప్పుడు తెలుస్తుంది తనకేం తెలియదో.

ఇంకొక్క మాట. పెద్ద పరీక్షల్లో చాలాచోట్ల అభ్యర్థికి చేతికొచ్చేది మార్కు, ర్యాంకు. ఏ ప్రశ్న తప్పిందో, ఎందుకు తప్పిందో చెప్పరు, ప్రశ్నలు మళ్లీ వాడుకోవాలని దాచుకుంటారు. గాలి లెక్క తప్పు చేసినవాడు మిగతావాటిలో కూడదీసుకుని 82 మార్కులతో పాసైపోతాడు, అదే తప్పు లెక్కతో మర్నాడు డ్యూటీకి వస్తాడు. అందుకే ప్రాణం మీదికొచ్చే ప్రశ్నలు ఓ పది పదిహేను విడిగా పెట్టి, వాటిలో ప్రతిదీ కరెక్టు అయితేనే పాస్ అనాలి. తప్పినవాడికి ఆ వారంలోనే నేర్పి, మళ్లీ అడగాలి. మిగతా పేపర్‌కి ర్యాంకులు ఎలా వేసుకున్నా ఫర్వాలేదు.